ఊపిరితిత్తుల పాఠం చెప్పిన మేడం

మా బయాలజీ మేడం చనిపోయారన్న కబురు నాకు బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. రిటైరయ్యాక యాడికి అనే ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేను ఆ మాటను ఇంకోసారి చదువుకునే లోపే గ్రూపు నిండా దండాలు, ఏడుపు బొమ్మలు, దీపాల స్టిక్కర్లు వచ్చి పడ్డాయి. ఒకాయన తొందరలో పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, మళ్లీ తీసేశాడు. ఆమె క్లాసులో ఒక్కరోజు కూడా నోరు తెరిచి ప్రశ్న అడగనివాళ్లు 'మా గురుదేవత' అని రాశారు.

అంతలో ఒక పోస్టరు వచ్చింది. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని పెట్టించింది. 'ఉచిత డిజిటల్ విద్యకు వెలుగుబాట వేసిన మహనీయురాలికి అశ్రునివాళి' అని రాసి ఉంది. అందులో మేడం ముఖం బొట్టుబిళ్లంత, ఆయన ముఖం పళ్లెమంత.

అది చూడగానే నా ఏడుపు ఆగిపోయింది. ఆ వెలుగుబాటను చేతులారా ఊడబెరికి ఆటోలో వేసుకుపోయిన మనిషి ఆయనే. ఈ నాలుగు మాటలూ ఆ అసహ్యంతోనే రాస్తున్నాను. మేడం ఉంటే ఏమీ అనుకోరు. ఊరికే మెచ్చుకోవడం ఆమెకూ చేతకాదు.

నేను తాడిపత్రి పక్కన సర్కారు హైస్కూల్లో చదివేటప్పుడు ఆ యజమాని మా బడికి ఒక పెద్ద టీవీ ఇచ్చాడు. రిబ్బను కత్తిరించారు, టెంకాయ కొట్టారు, టీవీ అంచుకు ఆయన పేరు అంటించారు. రోజూ ఒక వీడియో పాఠం చూపించాలని, చూపించినట్టు ఫొటో తీసి పైకి పంపాలని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. కొందరు సార్లకు పండగ అయింది. వీడియో పెట్టి, ఫొటో తీసి, కుర్చీలో జారబడి కునుకు తీసేవాళ్లు. పాఠం తనంతట తానే అయిపోయేది.

మేడం మాత్రం ఆ టీవీని కొత్తగా వచ్చిన కోడలిని చూసినట్టు అనుమానంగా చూసింది. తర్వాత తానే పని నేర్చుకుంది. బడిలో నెట్ అందదు కాబట్టి, ఇంట్లో పొద్దున్నే లేచి ఫోనులో వెతికి, ఉచితంగా దొరికే వీడియోలు, బొమ్మలు దించుకుని పెన్‌డ్రైవులో వేసుకొచ్చేది. కణం విడిపోవడం, రక్తం గుండెలోకి వచ్చి పోవడం, పుప్పొడి మొలకెత్తడం. మా బడిలో మైక్రోస్కోపు ఒకటుండేది గానీ దాని అద్దం ఎప్పుడో పగిలిపోయింది. కణం అంటే గుండ్రటి గీత కాదు, లోపల ఏదో కదులుతూ ఉంటుందని నేను మొదట చూసింది ఆ తెర మీదే.

అయితే ఆమె వీడియో పెట్టగానే సౌండు తీసేసి దాని గొంతు నొక్కేసేది. 'వాయువుల వినిమయము జరుపబడును' అని ఎవరో చదువుతుంటే విసుక్కునేది.

"వీడెవడో గాలి తగలని గదిలో కూర్చోని చదివినాడు. వీనికే అర్థం కాలేదు, మీకేం చెప్తాడు?" అని, బొమ్మ నడుస్తుండగా పాఠం తానే చెప్పేది. గుండె కొట్టుకునే బొమ్మ వస్తే మమ్మల్ని మెడ మీద వేళ్లు పెట్టుకోమనేది. మాలో ఎవరైనా ఆవలిస్తే కోపం.

"యాడనో ఎవరో పుణ్యాత్ములు పైసా అడగకుండా గుండెను తెరిచి చూపిస్తాండారు. చూసేదానికి కూడా బద్ధకమైతే ఎట్ల మే?"

ఒకసారి తనిఖీకి ఒక అధికారి వచ్చి వీడియోకు గొంతు పెట్టమన్నాడు. పెట్టింది. వీడియో అయిపోయాక మా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పండి, ఏం జరిగింది?" అని అడిగింది. అందరం పుస్తకాల్లోకి తలలు దించుకున్నాం. అధికారి అప్పటికే ఫొటో తీసుకుని "వెరీ గుడ్" అంటూ గుమ్మం దాటాడు. మేడం వెనక నుంచి, "ఫొటోలో అందరం తెలివైనోళ్లమే" అంది. ఆయనకు వినిపించేంత గట్టిగానే అంది.

ఊపిరితిత్తుల పాఠం రోజున సిగరెట్లు తాగినవాడి ఊపిరితిత్తులు తెర మీదికి వచ్చాయి, నల్లగా, కాలిన బెల్లం గడ్డల్లా. నేను లేచి అడిగాను.

"మేడం, మా నాయన బీడీ కూడా తాగడు. ఫ్యాక్టరీలో బండల అంచులు కోస్తాడు. మిషన్ పెడితే మనిషి కనపడనంత దుమ్ము లేస్తాది. ఆయన లోపల ఎట్లుంటాది?"

ఆమె వీడియో ఆపింది. "నాకు తెలీదు పాపా. కనుక్కోని రేపు చెప్తా," అంది. తెలియదన్న మాట టీచరు నోట వినడం నాకు అదే మొదలు.

మరుసటి రోజు డాక్టర్లు చదువుకునేవాళ్ల కోసం ఎవరో ఉచితంగా పెట్టిన ఎక్స్‌రే బొమ్మలు తెచ్చింది. రాతి దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు. ఇసుక చల్లినట్టు తెల్ల చుక్కలు. "దీన్ని సిలికోసిస్ అంటారు. లోపలికి పోయిన రాతిపొడి కరగదు. పుండు మానినచోట తోలు గట్టిపడుతుంది చూడు, ఊపిరితిత్తి అట్ల అయిపోతాది. గట్టిపడినచోట గాలి ఆడదు," అంది. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదని, ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఆ పొడిని ఆపలేదని, దానికి వేరే మాస్కు ఉంటుందని చెప్పింది. ఎవరెవరి ఇళ్లలో ఆ పని చేస్తున్నారని అడిగితే సగం క్లాసు చేతులెత్తింది. ఆ రోజు మాకెవరికీ ఆవలింత రాలేదు.

ఇళ్లకు పోయి అందరం చెప్పాం. టీవీ ఇచ్చినాయన ఫ్యాక్టరీలో కూలీలు నీళ్ల పైపులు అడిగారు. అంతే, యజమాని బడికి వచ్చాడు. హెడ్మాస్టరు లేచి తన కుర్చీ ఇచ్చాడు. మేడంను పిలిపించారు. కిటికీ బయట మేమంతా ఉన్నాం.

"ఏం మేడం, నేనిచ్చిన టీవీలో నన్నే తిట్టిస్తాండావే?"

"నీ పేరు యాడా ఎత్తలేదన్నా. ఊపిరితిత్తుల పాఠం చెప్పినా. పుస్తకంలో ఉండాది."

"పుస్తకంలో బండల ఫ్యాక్టరీ ఉండాదా?"

"లేదు. పిల్లోళ్ల ఇండ్లల్లో ఉండాది."

"ఊరికే దొరికే చెత్తంతా తెచ్చి పిల్లోళ్ల తలకాయల్లో పోస్తాండావు. నా టీవీ నాకియ్యి."

"తీసకపో. ఊపిరితిత్తులు మాత్రం వాళ్లవే," అంది మేడం.

ఆ సాయంత్రమే టీవీ ఆటో ఎక్కి పోయింది. 'పైనుంచి ఒత్తిడి' అని హెడ్మాస్టరు గొణిగాడు. పైన ఎవరో, ఒత్తిడి ఏమిటో ఆయన చెప్పలేదు. ఆ మనిషి జీవితమంతా ఎవరి కింద ఉన్నాడో తెలియకుండానే కిందే ఉండిపోయాడు.

మా నాయనను కూడా ఫ్యాక్టరీలో నలుగురి ముందు నిలబెట్టి, 'నీ కూతురికి నోరెక్కువైంది' అన్నారు. ఆయన నేరుగా మేడం ఇంటికి పోయాడు. నేను వెంట పరిగెత్తాను.

"మా కూడు పోగొట్టొద్దు మేడం. పాఠం చెప్పుకో, మా జోలికి రావద్దు," అన్నాడు. రెండు మాటలకే దగ్గు తెర కమ్ముకొచ్చింది. గోడ పట్టుకున్నాడు.

మేడం లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. "పని మానుకోమని నేను చెప్పలేదన్నా. ఈ దగ్గుకు ఏం మందు మింగుతాండావు?"

"టీబీ అని చెప్పినాడు డాక్టరు. మాత్రలు మింగుతాండా. తగ్గేది లేదు."

"ఏం పని చేస్తావని అడిగినాడా?"

"అడగలేదు. నేనూ చెప్పలేదు."

ఆ ఆదివారం దాటగానే సెలవు పెట్టి, మా ఇద్దరినీ అనంతపురం పెద్దాసుపత్రికి బస్సులో తీసుకుపోయింది. దారంతా నాయనకు ఒకటే పాఠం: "ముందు నీ పని చెప్పు, తర్వాత నీ దగ్గు చెప్పు." నాయన అట్లాగే చెప్పాడు. అక్కడి డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తెర మీద చూసిన చుక్కలే. నేను గుర్తుపట్టాను. ఒక పాఠం అంత బాగా అర్థమైనందుకు అంతగా బాధపడటం నాకు మళ్లీ ఎప్పుడూ జరగలేదు.

అది నయమయ్యేది కాదు. ఆ పని మానేస్తే ముదరడం నెమ్మదిస్తుందన్నారు. నాయన మానేశాడు. ఇప్పుడు బస్టాండు దగ్గర టెంకాయలు అమ్ముతాడు. మెట్లెక్కితే ఆయాసపడతాడు గానీ మనిషి ఉన్నాడు. ఆయనతో పాటు అంచులు కోసినవాళ్లలో కొందరు లేరు. ఫ్యాక్టరీలో నీళ్ల పైపులు పెట్టారు. తనిఖీకి ఎవరైనా వస్తేనే వాటిలో నీళ్లు.

టీవీ పోయాక మేడం తన ఫోనునే బల్ల మీద నిలబెట్టి పాఠం చెప్పింది. తర్వాత ఆమెను కర్ణాటక పొలిమేరలో గుమ్మఘట్ట వైపు బదిలీ చేశారు. అక్కడి పిల్లల్లో కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఆమె కన్నడ వీడియోలు వెతుక్కుని, ఆ భాష పిల్లల దగ్గరే నేర్చుకుని, వచ్చీరాని కన్నడంలో చెప్పేదట. ఫోను చేస్తే, "నేను తప్పు మాట్లాడితే పిల్లోళ్లు నవ్వుతాండారు. నవ్వేదానికైనా వినల్ల గదా," అనేది. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు కూడా అర్థం కానిదానికల్లా ఆమె ఒక ఉచిత లింకు పంపి, కింద ఒకే మాట రాసేది: 'చూసి ఊరుకోవద్దు, అడుగు.'

మొన్న బడిలో సంతాప సభ పెట్టారు. యజమాని వేదిక మధ్యలో కూర్చున్నాడు. మేడం పేరు మీద ఇంకా పెద్ద టీవీ ఇస్తానని ప్రకటించాడు. చప్పట్లు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు తీసుకుని ఆయన వైపే తిరిగాను.

"అన్నా, మొదటి టీవీ ఏ పాఠం చెప్పినందుకు తీసకపోయినావో, అది కూడా చెప్పు. కొత్త టీవీలో ఆ పాఠం చూపియ్యొచ్చునా, లేదా?"

ఆయన ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. అది మోగనైనా మోగలేదు. ఎవరో మైకు తీగ లాగేశారు. 'టైము అయిపోయింది' అని హెడ్మాస్టరు లేచాడు. మనిషి మారాడు, కుర్చీ అదే. గ్రూపు ఫొటో తీసుకున్నారు, కాఫీలు తాగారు, కార్లలో పోయారు.

నేను చెప్పుల కోసం బయటికి వస్తే గేటు దగ్గర కొందరు కూలీలు నిలబడి ఉన్నారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, కనురెప్పల దాకా తెల్లగా ఉన్నారు. లోపలికి రాలేదేమని అడిగాను.

"ఈ గుడ్డలతో యాడొచ్చేది పాపా," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "ఆయమ్మ ఫొటో ఉండాదా, తీసేసినారా?"

ఉందన్నాను. ఒకరి వెనక ఒకరు వచ్చారు. కుర్చీలన్నీ ఖాళీ. వేదిక మీద యజమాని వేసిన గులాబీల దండ మేడం ముఖాన్ని సగం కప్పేసి ఉంది. పెద్దాయన దాన్ని కొంచెం పక్కకు జరిపాడు. అందరూ తలా ఒక చామంతి పెట్టి, ఫొటో అద్దాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని వెళ్లిపోయారు. అద్దం నిండా తెల్లటి వేలిముద్రలు మిగిలాయి. వాటి సందుల్లోంచి మేడం ఎవరినో ప్రశ్న అడగబోతున్నట్టు చూస్తోంది.