మండెలో పెట్టిన చెయ్యి

నూకాలత్తకు భయమంటే ఏమిటో తెలియదని రాయపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంత పచ్చి అబద్ధం నేను కోర్టులో కూడా వినలేదు, అబద్ధాలు వినడమే నా వృత్తి అయినా. మొన్న వాషర్‌మెన్‌పేట్‌లో వాన తగ్గేదాకా ఒక పాత సరుకుల కొట్టు ముందు నిలబడ్డాను. లోపల ఎవరో తడిసిన గోనెపట్టా ఎత్తారు. బెల్లం, పొగాకు, చెమ్మ కలిసిన వాసన గుప్పుమంది. నాకు తెలియకుండానే గుప్పిట బిగించాను. కొట్టు పెద్దాయన మా పాత వీధివాడే. "ఏమ్మా, మీ మొట్టమాడి అత్త గుర్తొచ్చిందా? ఆమెకి భయమేడదమ్మా! నిప్పునే నోట్లో పెట్టుకునింది గదా!" అన్నాడు. "భయం ఉండబట్టే పెట్టుకుంది" అన్నాను. "నీ నోరు మాత్రం మారలేదు పో" అని నవ్వాడు. మారలేదు. ఈ ఒక్క విషయంలో మారనివ్వను కూడా.

అప్పట్లో మేము హార్బరుకు దగ్గరలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. పైన డాబా మీద, అంటే ఈ ఊరి అరవంలో మొట్టమాడి మీద, రేకుల గదిలో నూకాలత్త ఉండేది. మాకు బంధువేమీ కాదు. శ్రీకాకుళం తీరం నుంచి పడవ పనికి వచ్చిన భర్త వెంట ఈ ఊరు చేరి, ఆయన పోయాక ఎండుచేపలు అమ్ముకుంటూ ఇక్కడే ఉండిపోయింది. విరిగిన థర్మాకోల్ చేపల పెట్టెల్లో మట్టి నింపి పొగాకు మొక్కలు పెంచేది. ఆకు పసుపు తిరగగానే కోసి, ఈనెలోకి దబ్బనం గుచ్చి, పురికొసకు తోరణంలా కట్టి రేకుల నీడలో వేలాడదీసేది. సముద్రపు గాలికి ఆకు ఓ పట్టాన ఆరదు. ఆరేలోపే బూజు పడుతుంది. అందుకని తోరణాలను ఇటువి అటు మారుస్తూ, ఒక్కో ఆకునూ ముక్కుకు ఆనించి చూస్తూ ఉండేది. "దెయ్యానికి కాపలా కాసినట్టు కాస్తున్నావే" అని నేను వెక్కిరిస్తే, "దెయ్యమైతే సెప్పొస్తాదే గుంటా, బూజు సెప్పి రాదు" అనేది.

ఆమె కాల్చేది అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోటి లోపలికి పెట్టుకుని పెదాలు మూసేయడం. ఆ తీరంలో ఆడవాళ్లకు అది అలవాటే, గాలికి చుట్ట ఆరిపోదంటారు. మొదటిసారి చూసినప్పుడు నేను బడి బట్టల్లో, నీళ్ల బిందెతో మెట్ల చివర ఉన్నాను. కణకణలాడే ఎర్రటి ముక్క ఆమె పెదాల మధ్య మాయమైంది. అది గొంతులోకి దిగిపోతుందనుకున్నాను.

"ఏటే, అలా నిలబడిపోనావు? బిందె దించు" అంది ముక్కులోంచి పొగ వదులుతూ.

"కాలదా అత్తా?"

"కాల్తే నా నోరే కాల్తాది. నిప్పు బైటుంటే ఎవులి కొంప కాల్తాదో ఎవులికి తెలుసు?"

ఆ మాట వెనకున్నది చాలా కాలానికి గాని చెప్పలేదు. ఆమె చిన్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం వాళ్ల తాటాకు గుడిసెల వరసంతా కాలిపోయిందట. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని, మగవాళ్లలా నిప్పు బయటికి పెట్టి చుట్ట కాలుస్తుంటే గాలికి రవ్వ లేచింది. "లోపల ఎవరున్నారు?" అని అడిగాను. నూకాలత్త ఆకు ఈనె తీస్తూనే "పొయ్యి మీద కూర ఉన్నాది సూడు" అని మాట మార్చింది. అంతే. ఇక అడగనివ్వలేదు. తన చుట్టపీకను నీళ్ల చెంబులో ముంచి, వేళ్లతో నలిపి, మళ్లీ ముంచేది. పడుకునేముందు లేచి వచ్చి మరోసారి తడిమేది. కొట్టు పెద్దాయనలాంటి వాళ్లు ఇది చూడలేదు. భయం తెలియని మనిషి చేసే పనులా ఇవి?

నేను కిందికి దిగగానే అమ్మ ముక్కు మూసుకునేది. "మళ్లీ మొట్టమాడికి పోయినావా? ఏందే ఈ కంపు! ఆడనే నిలబడు, లోపలికి రాబాక!" అని గుమ్మంలోనే నా నెత్తిన నీళ్లు పోసేది. మర్నాడు మళ్లీ పైకే పోయేదాన్ని.

ఆరిన ఆకు మీద బెల్లపు నీళ్లు చిలకరించి, కట్టలు పేర్చి, గోనెపట్టా కప్పి, పైన రాయి పెట్టేది. దాన్ని మండె అంటారు. లోపల ఆకు తనంతట తానే వేడెక్కుతుంది. తగినంత వేడెక్కితే పచ్చివాసన పోయి రంగు తిరుగుతుంది, మించితే కుళ్లిపోతుంది. అది తెలియాలంటే చెయ్యి పెట్టి చూడాల్సిందే. ఒకరోజు నా మణికట్టు పట్టుకుని మండె నడిమధ్యకు తోసింది. లోపల తడిగా, ఏదో జంతువు కడుపులా వెచ్చగా ఉంది. ఏదో కదిలినట్టు కూడా అనిపించి చెయ్యి లాక్కోబోయాను. ఆమె వదల్లేదు.

"బయమేత్తందా?"

"వేస్తోంది. వదులు!"

"బయపడు, ఎవులొద్దన్నారు? సెయ్యి మాత్రం తియ్యకు. తీసేత్తే లోపలెంత వేడున్నాదో ఎలా తెలుత్తాది?"

"నీకు భయం లేదుగా, నువ్వే పెట్టుకో!"

"బయం నేకపోతే దినామూ ఇందులో సెయ్యెందుకెడతానే, ఎర్రిమొగమా?"

నేను లా చదవడానికి, మొదటి కేసులో లేచి నిలబడడానికి ధైర్యమే కారణమని నా మీద కూడా కథలు చెబుతారు. ధైర్యమూ లేదు, దాని మొహమూ లేదు. నేను నేర్చుకున్నది చెయ్యి తీయకపోవడం ఒక్కటే.

లా కాలేజీ చివరి ఏడాదిలో ఒక ముసురు పట్టిన ఉదయం. చెమ్మకు ఆకు మెత్తబడుతుంది కాబట్టి చుట్టలు చుట్టడానికి అలాంటి రోజే మంచిది. ఈనె తీసిన ముక్కల్ని పోగు చేసి, వెడల్పాటి ఆకులో ఏటవాలుగా చుట్టి, తొడ మీద దొర్లించి దారం కడుతోంది. నేను మా మాస్టారితో పెట్టుకున్న వాదన చెబుతుంటే, "నిన్ను సేసుకునీవోడు తాళితో పాటు వకీల్ని కూడా తెచ్చుకోవాల" అని నోరారా నవ్వింది. అప్పుడు చూశాను. అంగిలి బూడిద పూసినట్టు తెల్లగా ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలు. ఒక పక్కన నల్లటి గుంట. నవ్వు ఆపి టీ తాగి గ్లాసు కింద పెట్టింది. అంచున రక్తం.

"ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"సూసినోడు దానికో పేరెడతాడు. పేరెట్టినాక అది ఇంట్లో మడిసయిపోద్ది. పొమ్మన్నా పోదు."

ఆ తర్వాత రోజూ పైకెళ్లి పోట్లాడాను. బతిమాలాను, తిట్టాను, చట్టం చదివినంత మేరా వాదించాను. ఆమె మొక్కలకు నీళ్లు పోసుకుంటూ, నిప్పును లోపలికి పెట్టుకుంటూనే ఉంది. చివరికి ఒళ్లు మండి అన్నాను: "మండెలో చెయ్యి తియ్యొద్దన్నది ఎవరు? ఆకు కుళ్లుతుందేమోనని రోజూ తడుముతావే, నీ నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుందా?"

ఆమె చేతిలో దారం ఆగిపోయింది. తర్వాత లేచి నోరు పుక్కిలించి, వెలుతురుకు మొహం తిప్పుకుని కూర్చుంది.

"అయితే నువ్వే సెయ్యెట్టు" అని నోరు తెరిచింది.

ఆ నోట్లోకి నిప్పు పోవడం అన్నేళ్లు చూసినదాన్ని. నా వేలు పెట్టడానికి అంతకంటే ఎక్కువ భయపడ్డాను. లోపల వేడి, చేదు వాసన. అంగిట్లో ఒకచోట ఎండిన ఈనెలాంటి గట్టిదనం తగిలింది. దాని పక్కనే చర్మం లేని పచ్చి పుండు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఈసారి తోయడానికి కాదు. ఆకును చూసినట్టు నా మొహాన్నే చూస్తోంది. వేలు తీసేయాలని ఒళ్లంతా అరుస్తోంది. తీయలేదు.

"ఏటున్నాది?"

"గట్టిగా ఉంది అత్తా. పుండు ఉంది."

"ఊఁ" అంది. నా మణికట్టు వదిలి, "నా సెప్పులెక్కడున్నాయో సూడు" అంది.

ఆస్పత్రిలో పేరు పెట్టారు. అంగిలి కోశారు, మందులిచ్చారు. కొన్నాళ్లు ముక్కుతో మాట్లాడింది, ఆ గొంతుతోనే నన్ను తిట్టింది, తర్వాత పోయింది. శవం లేవకముందే వీధి మొత్తం ఆమెను భయం ఎరుగని మనిషిని చేసేసింది.

ఇప్పటికీ ఏ కేసు కట్ట విప్పాలన్నా, ఏ ఫోను ఎత్తాలన్నా భయమేస్తే మణికట్టు మీద ఆ పట్టు తెలుస్తుంది. లోపలికి చెయ్యి పెడతాను. కాని ఒక్కటి మాత్రం నాకింకా తేలలేదు. పళ్ల సందున చిన్న చేపముల్లు ఇరుక్కుంటేనే నాలుక పూటంతా అక్కడే తిరుగుతుంది. ఆ గట్టిదనం సంగతి ఆమె నాలుకకు నాకంటే ఎంతో ముందే తెలిసి ఉంటుంది. మరి నా వేలు ఎందుకు కావలసి వచ్చింది అత్తా?