ఆఖరి భాగం రోజు కరెంటు పోలేదు

పదేండ్ల కిందటి మధ్యాహ్నం సీరియల్‌ను టీవీలో మళ్ళా వేస్తాండారు. ఇప్పుడెవరు చూస్తారులే అనుకున్నా. ఈ పొద్దు తనకల్లులో మా పెద్దమ్మ ఇంటికి పోతే, వీధిలో ఆడోళ్ళంతా అప్పటి మాదిరే టీవీ ముందర కూర్చోని, విత్తనానికి చెనక్కాయలు వలుస్తాండారు. ఈ పొద్దే ఆఖరి భాగమంట.

ఆ కాలంలో సీరియల్ సగంలో ఉండంగానే కరెంటు పోతాండె. మిగతా సగం పెద్దమ్మ చెప్తాండె. ఆఖరి రోజూ అంతే. ఇంట్లోనుంచి గెంటేసిన కోడలు వానలో తడుస్తా తిరిగొచ్చిందని, అత్త ఏడుస్తా తలుపు తీసిందని చెప్పింది. బయట ఎండ మండిపోతాంటే, ఆ గదిలో పొట్టు వాసన మధ్య కూర్చున్న నాకు వాన చప్పుడు నిజంగానే వినిపించింది.

ఈ పొద్దు కరెంటు పోలేదు. కోడలు మూసిన తలుపు ముందర కొంచేపు నిలబడి, వెనక్కి తిరిగి, ఒక్కతే నడుచుకుంటా పోయింది. అంతే, అయిపోయింది. వాన కూడా లేదు.

కాయలు వలిచే చేతులన్నీ ఆగిపోయినాయి. ఎదురింటి లక్ష్మక్క మాత్రం ఊరుకోలేదు.

"ఏమక్కా, అత్త తలుపు తీసిందంటివే?"

పెద్దమ్మ తల ఎత్తకుండా ఇంకో కాయ చిట్లించింది.

"తీసింది. కరెంటు పోయినంక తీసింది."

లక్ష్మక్క ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకునింది. అందరూ మళ్ళా కాయలు అందుకున్నారు.

పాత సీరియళ్ళు మళ్ళా వేసేవాళ్ళు ఆ సగం యాడ తెస్తారో నాకు తెలీదు. మీ ఊర్లో కరెంటు పోయినంక ఆ కోడలు ఏమైందో చెప్పండప్పా.