స్టెల్లక్క మైనంపూల తీగ

హేమావతికి చేతకాని పని ఒక్కటే, దేన్నైనా దాని పాటికి వదిలెయ్యడం. పెరుగు తోడుకుందో లేదోనని మూడుసార్లు మూత తీసి చూస్తుంది. చుట్టం కడుపు నిండిందంటే నమ్మదు, ఇంకో సంకటి ముద్ద వేస్తుంది. అలాంటి మనిషి చేతిలో పడింది ఆ తీగ, దాని ఖర్మ కొద్దీ.

నలభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, కర్ణాటక సరిహద్దులోని రొళ్ల నుంచి ధర్మవరం రైల్వే క్వార్టర్సుకు కాపురానికొచ్చింది. మొగుడు వీరేష్‌ది సిగ్నల్ డిపార్ట్‌మెంటులో పని. పక్కింట్లో జోసెఫ్‌ది అదే పని, ఆయన భార్య స్టెల్లా. కన్నడం కలిసిన హేమావతి మాటకు వీధిలో అందరూ నవ్వితే స్టెల్లక్క ఒక్కతే నవ్వలేదు. సాయంత్రాలు ఇద్దరూ ఆమె గడప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలిచేవాళ్ళు. తలుపు పక్కన మేకుకు పాకిన తీగ ఉండేది. దళసరి ఆకులు, గొడుగులా గుండ్రంగా వేలాడే పూలగుత్తులు. ఒక్కో పువ్వూ మైనంతో పోత పోసిన చిన్న నక్షత్రం. నర్సరీల్లో ఇప్పుడు హోయా అంటున్నారు. స్టెల్లక్క మాత్రం మైనంపూలు అనేది. దీపాలు పెట్టే వేళకు వాటి వాసన వీధి మొగదలకు వచ్చేది.

స్టెల్లక్క ఒక్క గుత్తి కూడా కోసేది కాదు. "తీగ మీదనే ఉండనీ హేమా, అందరికీ వాసనొస్తాది" అనేది. హేమావతికి అది ఉత్త పిసినారితనంగా తోచేది. పువ్వన్నాక దేవుని నెత్తినన్నా ఉండాలి, ఆడదాని జడలోనన్నా ఉండాలి. తీగ మీదే ఉంటే ఎవరికి పుణ్యం?

వీరేష్‌కు పెనుకొండ బదిలీ అయినప్పుడు స్టెల్లక్క ఒక కొమ్మ కోసి, తడిగుడ్డలో చుట్టి చేతికిచ్చింది. పెనుకొండలో మూడో ఏడు అది పూసింది. హేమావతి గుత్తులన్నీ కాడలతో సహా తుంచి దేవుని పటాలకు పెట్టింది. మరుసటేడు తగ్గి పూసింది. ఆ తగ్గినవాటినీ తుంచింది. వీరేష్ రిటైరై హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాక తీగను పెద్ద కుండీలోకి మార్చి, పేడ ఎరువేసి, రోజూ చెంబెడు నీళ్ళు పోసింది. నీళ్ళకు మొహం వాచిన సీమ మనిషి చెట్టు మీద ప్రేమ ఇంకెలా చూపిస్తుంది? తీగ కిటికీ నిండా పాకింది. పువ్వు మాత్రం లేదు. ఒకటి కాదు రెండు కాదు, ఏడేళ్ళు.

ఆ ఏడేళ్ళ కిందటే స్టెల్లక్క చనిపోయింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఆ నెలల్లో ఆమె తీగ కూడా ఎండిపోయింది. జోసెఫ్ ధర్మవరంలోనే కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ ఏడు క్రిస్మస్ పొద్దున హేమావతి ఫోన్ చేస్తే, "మా స్టెల్లా తీగ పూసిందామ్మా?" అని అడిగాడు. లేదనడానికి ఆమెకు నోరు రాలేదు.

"నిండా పూసిందన్నా" అనేసింది.

ప్రతి క్రిస్మస్‌కూ అదే ప్రశ్న, అదే జవాబు. పోయిన డిసెంబర్లో మాత్రం ఆయన ఇంకో మాట చేర్చాడు. "కండ్లు సగం పోయినాయమ్మా. మే నెల్లో వస్తా. ఒక్కసారి ఆ వాసన చూసి పోవాల."

 మర్నాడే హేమావతి లేపాక్షి రోడ్డులో ఉన్న నర్సరీకి పరిగెత్తింది. నర్సరీ లింగప్ప అంతా విని ఒక్కటే అడిగాడు.

"పూలు వాడినాక కాడ ఉంచినావా, తుంచినావా?"

"పూలతోనే తుంచినా. దేవునికి."

"ఇంగేం మిగిలింది! ఏటేటా ఆ కాడకే మళ్ళీ పూస్తాది అది. పాల కోసం పొదుగు కోసినట్ల చేసినావు కదమ్మా. పో, చిన్న కుండీలోకి మార్చు, వేర్లు ఇరుకైతేనే పూత. మన్ను ఎండినాకనే నీళ్ళు. పొద్దుటెండ పడే తావున పెట్టు. మొగ్గ కనపడినాక జరపొద్దు, ముట్టుకోవద్దు."

ముట్టుకోకుండా ఉండటమా! ఆ నాలుగు నెలలూ హేమావతి పడిన అవస్థ చూసి వీరేష్ నవ్వని రోజు లేదు. చెంబుతో కిటికీ దాకా పోయేది, వేలితో మన్ను తడిమేది, ఉసూరుమంటూ తిరిగొచ్చేది. ఏప్రిల్లో ఒక కణుపు దగ్గర కాడ సాగింది. దాని కొసన ఆవగింజలంత మొగ్గలు. ఒకే ఒక్క కాడ.

జోసెఫ్ వచ్చేది శనివారం సాయంత్రం రైలుకు. గుత్తి శుక్రవారం సాయంత్రం విచ్చుకుంది. హేమావతి కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చుంది. వాసన రాగానే ధర్మవరం గడప మీద ఉన్నట్టే అయింది. ఒళ్ళో చెనిక్కాయల చేట, పక్కన స్టెల్లక్క. పందొమ్మిదేళ్ళ తనను తలుచుకుని, తనకు తెలుగు సరిగా రాకపోయినా విన్న ఆ ఒక్క మనిషిని తలుచుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తెల్లారి స్నానం చేసొచ్చి చూస్తే తీగ మీద గుత్తి లేదు. కాడ తెగిన చోట తెల్లగా పాలు కారుతున్నాయి. దేవుని గూట్లో ఆంజనేయుని పటానికి గుత్తి పెట్టి వీరేష్ దండం పెట్టుకుంటున్నాడు.

"ఏం మనిషివప్పా నువ్వు! యాడన్నా బుద్ధుండాదా నీకు?"

"శనివారం కదే. ఇన్నేండ్లకు పూసిన తొలి పువ్వు దేవునికి పెట్టకుంటే ఎట్ల? నువ్వు చేసిందే కదా నేనూ చేసింది!"

హేమావతి గిర్రున తిరిగి కిటికీ దగ్గరికి పోయి, తెగిన కాడకు కారుతున్న పాలు కొంగుతో అద్దింది. 

సాయంత్రం వీరేషే స్టేషనుకు పోయి జోసెఫ్‌ను ఆటోలో తీసుకొచ్చాడు. ఆయన నీళ్ళన్నా తాగకుండా, "తీగ యాడుండాది?" అన్నాడు. హేమావతి చెయ్యి పట్టి కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన వేళ్ళు కణుపు కణుపూ తడుముకుంటూ పోయి ఒకచోట ఆగాయి.

"ఒక్క కాడే ఉండాదే. అదీ తెగింది."

నిన్నటిదాకా నిండా ఉన్నాయన్నా అనే మాట హేమావతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మసకబారిన కళ్ళు చూసి మింగేసింది.

"ఏడేండ్లుగా పుయ్యలేదన్నా. నీకు అబద్ధం చెప్పినా. నిన్న ఒక్క గుత్తి పూసింది, అదీ నిలుపుకోలేకపోతిమి."

వీరేష్ తల వంచుకుని పోయి, పటం మీది గుత్తి తీసి కళ్ళకద్దుకుని జోసెఫ్ అరచేతిలో పెట్టాడు. మైనంపువ్వు అంత తొందరగా వాడదు. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"నాకు తెలుసులేమ్మా" అన్నాడు. "ముప్పై ఏండ్లు చూసినా, ఈ తీగ చలికాలంలో ఎన్నడూ పుయ్యలేదు. డిసెంబర్లో నిండా పూసిందని నువ్వు చెప్తాంటే తెలీదా నాకు?"

"మరి ఏటేటా ఎందుకడిగినావన్నా?"

"ఆయమ్మ పేరెత్తితే పిల్లోళ్ళు మాట మార్చేస్తారు, నేను ఏడుస్తానని. స్టెల్లా తీగ పూసిందని చెప్పేదానివి నువ్వొక్కదానివే." గుత్తిని మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఈ క్రిస్మస్‌కు గూడా పూసిందనే చెప్పమ్మా."

"చెప్తానన్నా" అంది హేమావతి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.