ఉయ్యాలలో ముందు పొత్రం

పాప పుట్టిన కొత్తలో ఆన్‌లైన్‌లో ఎన్నో చూసి, స్ప్రింగుల ఉయ్యాల ఒకటి మెచ్చి తెప్పించాను. పేరు పెట్టే రోజు కోయంబత్తూరులోని మా ఇంటినిండా చుట్టాలు. పాపను పడుకోబెట్టబోతుంటే మావారి అవ్వ అడ్డుపడింది.

"మొదట రాయి పండాల. తర్వాతే బిడ్డ."

రుబ్బురోటి పొత్రానికి పసుపు రాసి, గుడ్డ చుట్టి ఉయ్యాలలో పెట్టింది. నా ఆఫీసు స్నేహితులు నవ్వుతుంటే సిగ్గేసింది. అవ్వ ఒక్క ఊపు ఊపింది. స్ప్రింగు కొక్కెం ఊడి పొత్రం దబ్బున నేల మీద పడింది. పాపను గుండెకు హత్తుకున్నాను.

"రాయి బరువు కదవ్వా, అందుకే ఊడింది" అన్నారు మావారు.

"బిడ్డ ఇట్లనే ఉంటాదా సామీ, పెరగదా?" అంది అవ్వ.

ఆ సాయంత్రమే అవ్వ చీరతో ఉయ్యాల కట్టాం. ఈసారి ఆమె చెప్పకముందే పొత్రం తెచ్చి పడుకోబెట్టింది నేనే.