బోర్లించిన బకెట్

మా భవానీపురం ఇల్లు కట్టిన మేస్త్రి ఒట్టి సోమరి అని మావాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. కాంక్రీటు కలుపుతున్నంతసేపూ బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాడట. కూర్చున్నాడు, నిజమే. ఎందుకు కూర్చున్నాడో తెలిసింది మాత్రం నాకొక్కదానికే.

బయటి మెట్లు పోసే రోజు కలిపిన కాంక్రీటు మాలు మరీ గట్టిగా ఉందని కూలీలు సణుగుతున్నారు.

"లేవండి మేస్త్రి గారూ, ఆ బకెట్‌తో ఇంకాసిని నీళ్లు పోస్తే ఏం పోయింది?" అన్నాను.

"లద్దాఖ్‌లో పనిచేసినప్పుడు నేనూ అట్టాగే అనుకుని పోశానమ్మా. ఆ ఎక్కువైన నీళ్లు లోపలే గడ్డకట్టి, చలికాలం పోయేసరికి మెట్ల అంచులు పెచ్చులూడినయ్. నీళ్ల క్యానుతో దిగుతా ఒకామె పడిపోయింది."

"బెజవాడలో మంచెక్కడ పడి చచ్చింది? మీ చాదస్తం కాకపోతే."

"మెట్లు దిగేవాళ్లు ఇక్కడా ఉన్నారు గదమ్మా."

ఇంకేదో చెప్పబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. పని అయ్యేదాకా బకెట్ మీంచి లేవలేదు.

ఇన్నేళ్లయినా ఆ మెట్ల అంచు ఒక్కటీ చెదరలేదు. అయినా దిగుతున్నప్పుడల్లా నేను కడ్డీ పట్టుకుంటాను. నోరు మూసుకుని వినుంటే ఆ రోజే తెలిసేది. లద్దాఖ్‌లో పడిపోయిన ఆమె మళ్లీ లేచి నడిచిందా?