బూర్గంపాడును వదలని కంప్యూటర్

ఇది పడవా వంతెనా లేకుండా గోదావరి దాటిన ఒక తల్లి వీరగాథ. అంత లేదు లెండి. చర్లలో ఓ కంప్యూటర్ దుకాణంలో నేను దరఖాస్తులు ప్రింటు తీసే రోజుల్లో, ఒక మధ్యాహ్నం జరిగిన ముచ్చట.

మా ఓనర్‌కు చర్లలో ఒకటి, గోదావరి అవతల బూర్గంపాడులో ఒకటి దుకాణాలు. రెండింటికీ నేనే ఒక ప్రోగ్రాం రాశాను. దరఖాస్తు మీద పడే మండలం పేరు అందులో ఉండదు. ఆ పేరును కంప్యూటర్ సెట్టింగుల్లో ఓ చీటీలా పెడితే, ప్రోగ్రామే చదువుకుంటుంది. దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. నలుగురిలో ఆ మాట అనడానికే అలా రాశానని ఇప్పుడు ఒప్పుకోవచ్చు.

ఆ వారం చర్ల కంప్యూటర్ పాడైతే, బూర్గంపాడు కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. చీటీ మార్చడం మరిచాను.

అడవి పక్క ఊరి నుంచి ఒకామె కూతురితో వచ్చింది. హాస్టల్ సీటుకు భద్రాచలంలో దరఖాస్తు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. అక్కడికి పోయే బస్సు ఎదురుగా హోటల్ ముందు ఆగి ఉంది. డ్రైవర్ అన్నం తింటున్నాడు. చేతికొచ్చిన కాగితం చదివి కూతురు పకపకా నవ్వింది.

"అమ్మా, మనది బూర్గంపాడంట!"

"నేనెన్నడు గోదారి దాటిన్నే?" అంది తల్లి. "జల్దీ మార్చు బాబూ. కొట్టివేతలుంటే తీస్కోరంట."

సెట్టింగుల్లో చర్ల అని మార్చి ప్రింటు కొట్టాను. బూర్గంపాడు. మళ్లీ మార్చాను, ఈసారి మీటలు గట్టిగా నొక్కి. బూర్గంపాడే.

"ఏందిరా, దానికి ఊరి మీద బెంగ పట్టుకున్నదా?" అన్నాడు ఓనర్.

"అన్నా, డ్రైవర్ ఏం తింటుండు?" అని ఓనర్‌ను అడిగాను.

"మజ్జిగ పోసుకుంటుండు."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నేనే తీసేసినట్టు ముగ్గురూ నన్ను చూశారు. తల్లి మాత్రం గుమ్మంలోకి వెళ్లి కేకేసింది.

"అన్నా, ఇంకింత పెట్టిచ్చుకో! ఎండల మజ్జిగన్నం మంచిది!"

"ఇది మూడోసారమ్మా!" అన్నాడు డ్రైవర్. అంటూనే విస్తరి ముందుకు జరిపాడు.

కరెంటొచ్చింది. కంప్యూటర్ తాపీగా లేచింది. ప్రోగ్రాం తెరిచి ప్రింటు కొట్టాను. చర్ల! కూతురు కాగితం లాక్కుని బస్సువైపు పరుగెత్తింది. తల్లి కొంగులోని తునికి పండ్లు గుప్పెడు తీసి కీబోర్డు పక్కన పెట్టింది.

"నీ మిషను మంచిదే బాబూ. కరెంటు పోతేనే పన్జేస్తది."

బస్సు కదిలింది. కిటికీలోంచి కాగితం ఊపుతూ కూతురు, స్టీరింగు వెనక త్రేన్చుతూ డ్రైవర్. ఓనర్ ఈల వేశాడు.

ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడు ఒక్కసారే ఆ చీటీని చదువుకుంటుంది. చీటీ మార్చాక ప్రోగ్రాంను మూసి, మళ్లీ తెరవాలి.