పేరు లేని వారంటు

తాళాలు చేసే ఒబాడయా పిన్నక్‌ని మా వీధంతా పిరికివాడనే అనుకునేది. లండన్‌లో అంత మెత్తని కమ్మరి మరొకడు లేడు. నా మొగుడు మంత్రిగారిని తిట్టే పత్రిక అచ్చువేసేవాడు. ఆయన ఊళ్లో లేని రోజు పొద్దున్నే మంత్రిగారి బంట్లు మీదపడ్డారు. నేను గడియ బిగించి తలుపు సందులోంచి చూస్తున్నాను.

తలుపులు తీయించడానికి దగ్గర్లోని తాళాలవాణ్ణి ఈడ్చుకురావడం వాళ్లకి అలవాటే. ఒబాడయాని మెడపట్టి తెచ్చారు.

"తియ్యరా!" అన్నాడు వాళ్ల నాయకుడు క్రౌచ్.

ఒబాడయా వారంటు చదివాడు. "పత్రిక వేసినవాళ్ల ఇళ్లు సోదా చెయ్యమని ఉంది. పేరేది బాబూ? ఎవరిల్లు?"

"మంత్రిగారి సంతకం కనబడ్డంలేదా, గుడ్డి వెధవా?"

"కనబడుతోంది. తలుపు విరగ్గొడితే రేపు కోర్టులో నిలబడేది మాత్రం నేను. పార్లమెంటు చేసిన చట్టం చూపించండి, తీస్తా."

వాడి కుడిచేతిని మా గుమ్మం మెట్టుమీద అదిమి, వాడి సుత్తితోనే కొట్టారు. అయ్యో, ఆ చప్పుడు! నాలుగు వేళ్లు నుజ్జయ్యాయి.

"బొటనవేలు మిగిలింది. తీస్తావా?"

"చట్టం చూపించండి."

అదీ చితికింది. తర్వాత గొడ్డలితో తలుపు నరికి, నన్ను జుట్టుపట్టి ఈడ్చి, అచ్చువేసే సీసపు అక్షరాలన్నీ వీధిలో పారబోశారు. దుర్మార్గులు!

మేం దావా వేశాం. కోర్టులో క్రౌచ్, "మంత్రిగారు చెప్పారు, చేశాం" అన్నాడు.

"మంత్రికి ఆ అధికారం ఏ చట్టం ఇచ్చింది?" అన్నాడు జడ్జి.

వాడి వకీలు పుస్తకాలు తిరగేసి తిరగేసి, "ఎన్నో ఏళ్లుగా ఇలాగే జరుగుతోంది" అని నసిగాడు.

"ఎన్నేళ్లు చేసినా తప్పు తప్పే. పార్లమెంటు ఇవ్వని అధికారం మంత్రికి లేదు."

మేం గెలిచాం. బయట జనం క్రౌచ్‌ని తన్ని, ముక్కు పగలగొట్టి, వాడి కుడిచెయ్యి కోర్టు మెట్టుమీద పెట్టారు. సాక్ష్యంగా తెచ్చిన సుత్తి నా చేతిలోనే ఉంది. "కొట్టండి!" అని ముందు అరిచింది నేనే. కొట్టాలని నా ఒళ్లంతా మండిపోతోంది.

ఒబాడయా అడ్డం వచ్చాడు. "ఏ చట్టం ప్రకారం, టాబితా?" అని నన్నే అడిగాడు.

జనం క్రౌచ్ చెయ్యి వదిలేశారు. వాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

సుత్తి ఇమ్మని ఒబాడయా అలవాటుగా కుడిచెయ్యే చాచాడు. ఇచ్చాను. వేళ్లు ముడుచుకోలేదు. సుత్తి రాళ్లమీద పడింది. ఒబాడయా వంగి ఎడమచేత్తో తీసుకుని ఇంటికి నడిచాడు. ఆ తర్వాత ఒక్క తాళమూ చెయ్యలేకపోయాడు.